ఫిల్టరు దమ్ముకా, దుమ్ముకా?

మహబూబాబాద్ జిల్లా నర్సింహులపేటలో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఒకటి ఉందనుకుందాం. అందులో వాదులాడుకునే ఇద్దరినీ అనుకుందాం. మామ ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ల కాలం నుంచి పానా పట్టినవాడు. అల్లుడు వరంగల్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికితే ఆఫ్‌రోడ్ పోటీలకు పరుగెత్తేవాడు. అల్లుడు పాత మారుతి జిప్సీ ఒకటి కొన్నాడు. 1298 సీసీ పెట్రోల్ ఇంజన్, 80 హార్స్‌పవర్. బండి బాగానే ఉంది గానీ కంపెనీ ఇచ్చిన ఎయిర్ క్లీనర్ డబ్బా పగిలిపోయింది. కాబట్టి ఇంజన్‌కు గాలి దారిని మొదటి నుంచి కట్టాలి. ఏ ఫిల్టరుతో కట్టాలన్నదే తగువు. బల్ల మీద అల్లుడు తెచ్చిన కోన్ ఫిల్టరు ఉంది, నూనె పట్టించిన నూలుగుడ్డది. పక్కనే మామ తీసిపెట్టిన పలక లాంటి కాగితపు ఫిల్టరు.

అల్లుడు: మామా, ఇంజన్ అంటే ఏంది? గాలి పంపు. ఎంత గాలి పీలిస్తే అంత దమ్ము. కంపెనీవాడు చప్పుడు తగ్గాలని, ఖర్చు తగ్గాలని దాని ముక్కు సగం మూసి పంపుతడు. ఆ అడ్డం తీసి ఈ కోన్ పెడితే బండి ఊపిరి తీస్కుంటది. నీ కాగితం పాత పద్ధతి.

మామ: ఊపిరి తీస్కోవాలె, కాదన్ననా? ఎంత ఊపిరి కావాల్నో ముందుగాల చెప్పు. మాటలు వద్దు, అంకెలు చెప్పు. చదువుకున్నోనివి కదా.

అల్లుడు: చెప్త. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లు తిరిగితే సిలిండర్లన్నీ ఒక్కసారి నిండుతయి. 6000 ఆర్‌పీఎం మీద నిమిషానికి మూడు వేలసార్లు నిండాలె. 1.298 లీటర్లను మూడు వేలతోని గుణిస్తే 3900 లీటర్లకు జర తక్కువ. పూర్తిగ నిండదు కాబట్టి నూటికి 85 పాళ్లు పట్టుకో. నిమిషానికి 3300 లీటర్లు, సెకనుకు 55 లీటర్లు. ఇంకో తీరుగ కూడ చూడు. లీటరు పెట్రోలు సరిగ్గ కాలాలంటే దగ్గర దగ్గర తొమ్మిదిన్నర వేల లీటర్ల గాలి కావాలె. బండి తాగేది పెట్రోలని మనం అనుకుంటం గానీ, అసలు తాగేది గాలి.

మామ: మంచి లెక్క. ఇగ ఆ గాలిల ఏముందో నేను చెప్త. మన దిక్కు నేల చెల్క. గ్రానైటు రాయి అరిగి అరిగి ఈ ఎర్రమట్టి అయింది. ఆ రాయిలున్న పలుగురాయి మాత్రం తొందరగ అరగదు. ముక్కలై ఇసుక అయితది, ఇసుక నలిగి దుమ్మయితది, ట్రాక్టరు పోతే అదే లేస్తది. పలుగురాయి గట్టితనం ఎంతనో నీ పుస్తకాలల్ల ఉంటది.

అల్లుడు: మోస్ కొలతల 7. చాకు ఉక్కు ఐదున్నర దగ్గర ఉంటది.

మామ: అంటే పలుగురాయితోని చాకు మీద గీత పడ్తది, చాకుతోని పలుగురాయి మీద పడదు. నీ సిలిండర్ గోడ పోత ఇనుము. ఆ దుమ్ము లోపలికి పోతే ఎవలు గెలుస్తరో నువ్వే చెప్పు. ఇంకా అయిపోలే. యాసంగి కోతలప్పుడు హార్వెస్టర్ పొట్టు, పత్తి ఏరేటప్పుడు నూగు, మిర్చి కల్లాల కాడ ఘాటు దుమ్ము, వరంగల్–ఖమ్మం రోడ్డు మీద లారీల పొగ. నీ సెకనుకు 55 లీటర్లల్ల ఇవన్నీ ఉంటయి.

అల్లుడు: ఏ ఫిల్టరైనా దుమ్మును ఆపేందుకే కదా. కోన్ ఆపదని ఎవలన్నరు?

మామ: పెద్ద దుమ్మును అన్నీ ఆపుతయి. కంటికి కానొచ్చే రేణువు గురించి నాకు రంది లేదు. మనిషి వెంట్రుక మందమెంత?

అల్లుడు: దాదాపు 70 మైక్రాన్లు.

మామ: అంత పెద్దది ఏ జాలికైనా తట్టుకుంటది. పిస్టన్ రింగుకు, గోడకు నడుమ నూనె పొర కొన్ని మైక్రాన్లే. ఆ పొరకంటె జర పెద్దగున్న రేణువే దొంగ. ఐదు నుంచి ఇరవై మైక్రాన్ల నడుమది. సందుల దూరుతది, దూరినంక రెండు దిక్కులా గీకుతది. ముందుగాల రింగులు పోతయి, కంప్రెషన్ పోతది, బ్రీదర్ పైపుల పొగ షురూ అయితది, నూనె తాగుతది. అప్పుడు షెడ్డుకు తెస్తరు. ఫిల్టరు గురించి ఒక్కడు కూడ అడగడు, పిస్టన్ల రేటు అడుగుతడు.

అల్లుడు: మరి ఇంత పెద్ద రేసులల్ల నూలుగుడ్డ ఫిల్టర్లే ఎందుకు పెడ్తరు? కె అండ్ ఎన్ కంపెనీ 1969ల కాలిఫోర్నియాల, రివర్‌సైడ్ అనే ఊర్ల పుట్టింది. ఆ పక్కనే ఎడారి. అక్కడ మోటర్‌సైకిళ్ల పందేలు నడిచేది దుమ్ములనే. నాలుగైదు పొరల నూలుగుడ్డ, రెండు దిక్కుల తీగ జాలి, నడుమ జిగట నూనె. గాలి వంకర టింకరగ పోతాంటే దుమ్ము ఆ నూనెకు అంటుకుంటది. కడిగి మల్ల వాడుకోవచ్చు. దుమ్ముల పుట్టిన ఫిల్టరును దుమ్ముకు పనికిరాదంటే ఎట్ల?

మామ: ఆ పందెం బండ్ల ఇంజన్లు ఎన్ని రోజులకోసారి విప్పుతరు?

అల్లుడు: పెద్ద రేసులల్లనైతే ప్రతి పందెం అయినంక చూస్తరు. అవసరమైతే రింగులు మారుస్తరు.

మామ: గదీ సంగతి. వాళ్లకు ఇంజన్ ఒక పందెం నిలిస్తే చాలు, గెలిచినంక విప్పుకుంటరు. నీ జిప్సీ పదేండ్లు నడవాలె. ఒక్కటే ఫిల్టరు, రెండు బతుకులు. అయినా నేను నమ్ముకాన్ని బట్టి మాట్లాడుత లేను. ఫిల్టరును పరీక్ష పెట్టే పద్ధతేదో ఉన్నదంటివి కదా మొన్న?

అల్లుడు: ఐఎస్‌ఓ 5011. నిర్ణయించిన రకం దుమ్మును తూచి ఫిల్టరు మీదికి వదులుతరు. ఎంత ఆపింది, ఎంత జారిపోయింది, నిండేదాక ఎంత దుమ్ము పట్టింది, గాలికి ఎంత అడ్డం పడ్డది, నాలుగూ కొలుస్తరు.

మామ: ఒక ఫిల్టరు నూటికి 97 ఆపుతదని రాసిండు అనుకుందాం. ఇంకోదాని మీద 99.5 అని ఉందనుకుందాం. నీకు తేడా ఎంత కనబడ్తది?

అల్లుడు: రెండున్నర.

మామ: తప్పు. ఆపింది ఎవనికి కావాలె? జారిపోయింది చూడు. ఒకదాంట్ల మూడు పాళ్లు, ఇంకోదాంట్ల అర పాలు. ఆరింతలు!

అల్లుడు: ఆగు మామా, నిజమైన దుమ్ముతోని లెక్క కడ్త. ముందు బండి కానరానంత దుమ్ము అంటే ఘనమీటరు గాలిల 0.88 గ్రాములని ఫిల్టర్లు చేసేటోళ్లు లెక్క పెట్టుకుంటరు. మట్టి బాట మీద వరుసగ బండ్లు పోతాంటే, సగం జోరు మీద జిప్సీ గంటకు 90 ఘనమీటర్ల గాలి పీలుస్తది. అంటే గంటకు దాదాపు 80 గ్రాముల దుమ్ము ఫిల్టరు మీదికి వస్తది. 97 దాంట్లకెల్లి 2.4 గ్రాములు ఇంజన్‌లకు పోతది. 99.5 దాంట్లకెల్లి 0.4 గ్రాములు.

మామ: రెండున్నర గ్రాముల పలుగురాయి పొడి తీస్కొని నీ చేత్తోనే థ్రాటిల్ బాడీల పోస్తవా? గంటకోసారి?

అల్లుడు: పోయ్య. కానీ ఆ 99.5 కాగితం మీ షెడ్డుల అంతనే ఆపుతదని నువ్వు ప్రమాణం చేస్తవా? మీ దగ్గర ఏం జరుగుతది? ట్రాక్టరు రాంగనే ఫిల్టరు గుంజుతరు, కంప్రెసర్ గాలి నోటి కాడ పెట్టి కొడ్తరు, టైరుకేసి టపటప బాదుతరు, మల్ల అదే పెడ్తరు. దగ్గరి నుంచి అంత జోరుగ గాలి కొడితే కాగితం పోగులు చీలుతయి. కంటికి కానరాని చిల్లులు పడ్తయి. అటెన్క అది కాగితం కాదు, జల్లెడ.

మామ: లోపలి నుంచి బయటికి, దూరం నుంచి, మెల్లగ కొట్టుమని కంపెనీవాళ్లే చెప్తరు.

అల్లుడు: చెప్తరు, ఎవలు వింటరు? ఇంకోటి. కాగితం మీద పలుచగ దుమ్ము పేరుకున్నంక అది ఇంకా మంచిగ వడకడ్తది, ఆ దుమ్ము పొరనే ఇంకో ఫిల్టరు అయితది. కొత్త ఫిల్టరు కంటె జర మాసిన ఫిల్టరు నయం. మీరు వారం వారం విప్పి దులుపుతాంటే ఆ లాభం పోతది, విప్పినప్పుడల్ల అంచు రబ్బరు సరిగ్గ కూసోక సందు పడ్తది. కాగితం గొప్పతనమంతా ఆ సందుల పోతది. నకిలీ ఫిల్టర్ల సంగతి నేను చెప్పాల్నా? డబ్బా మీద పేరొకటి, లోపల అట్టముక్క ఒకటి.

మామ: అది నిజమే. మూత బిగించినోడు అంచు చూడకపోతే ఏ ఫిల్టరు పెట్టినా ఒకటే. గందుకే నేను తెల్ల బట్ట పెట్టుకుంట. ఫిల్టరు తర్వాత గొట్టం లోపల తుడుస్త. ఎర్రగ వచ్చిందా, ఎక్కడో గాలి తప్పించుకొని పోతాంది. ఈ పరీక్షకు పైస ఖర్చు లేదు. నీ కోన్‌కు కూడ ఇదే పరీక్ష. దాన్ని ఒక్క క్లిప్పుతోని గొట్టానికి బిగిస్తరు. ఎండకు రబ్బరు గట్టిపడి, బండి ఊగులాటకు జారితే అడిగేటోడు లేడు.

అల్లుడు: పాతదే మంచిదని నువ్వంటే నీకో కథ చెప్త. 1942ల రష్యావాళ్లు తమ టీ-34 ట్యాంకును అమెరికాకు పంపిన్రు, అబర్డీన్ అనే పరీక్షా మైదానానికి. డీజిల్ ఇంజన్ మస్తు మంచిది. 343 కిలోమీటర్లకే ఖరాబయి పోయింది. విప్పి చూస్తే సిలిండర్ల నిండ దుమ్ము. ఎయిర్ క్లీనర్‌ను చూసి అమెరికా ఇంజనీర్లు తిట్టిపోసిన్రు. ఆ ఇంజన్‌కు కావాల్సినంత గాలిని పోనియ్యదు, పోనిచ్చిన గాలిని సాఫ్ చెయ్యదు. తర్వాత రష్యావాళ్లు గిర్రున తిప్పి దుమ్మును విసిరేసే సైక్లోన్ క్లీనర్లు పెట్టుకున్నరు.

మామ: యుద్ధం చేసే ట్యాంకును గుండు చంపలే, దుమ్ము చంపింది. ఈ కథ నీ దిక్కు చెప్తానవా, నా దిక్కా?

అల్లుడు: రెండు దిక్కులా. ఫిల్టరు చిన్నదైతే దమ్ము పోతది, దుమ్మూ వస్తది. అసలు మాట రకం కాదు, సైజు.

మామ: సైజంటివి కాబట్టి ఈ రెండూ కొలువు. బయటి సైజు కాదు, మడతలు విప్పితే ఎంతయితదో అది.

అల్లుడు: నీ కాగితంల 60 మడతలు. ఒక్కో మడత నాలుగు సెంటీమీటర్ల లోతు, రెండు దిక్కులు కలిపి ఎనిమిది. పొడవు 18. మొత్తం 8640 చదరపు సెంటీమీటర్లు. నా కోన్‌ల 45 మడతలు, లోతు ఒకటిన్నర, రెండు దిక్కులు మూడు, పొడవు 13. మొత్తం... 1755.

మామ: ఐదో వంతు! పైకి చూస్తే నీదే పెద్దగ కనబడ్తాంది.

అల్లుడు: నూలుగుడ్డ సందులు పెద్దయి, తక్కువ జాగల కూడ ఎక్కువ గాలి పోతది.

మామ: సందులు పెద్దయైతే గాలికీ దారే, దుమ్ముకూ దారే. అదే 55 లీటర్ల గాలి ఐదో వంతు జాగలకెల్లి పోవాలంటే ఐదింతల జోరుగ పోవాలె. జోరుగ పోయే గాలి నూనెకు అంటిన దుమ్మును కూడ గుంజుకపోతది. దుమ్ము నిల్వ పట్టే జాగ కూడ తక్కువే. మన బాటల మీద అది ఎన్ని రోజులకు నిండుతది?

అల్లుడు: నిండితే కడుగుత. నువ్వు కొత్తది కొనాలె, నేను కొనొద్దు.

మామ: కడుగు. దానికని వచ్చే సబ్బునీళ్లతోని కడుగాలె, నీడకు ఆరబెట్టాలె, ఆరేదాక బండి ఆపాలె, తర్వాత దాని నూనెనే సమంగ పట్టియ్యాలె. ఆ నూనె నర్సింహులపేటల దొరకదు. దొరకనప్పుడు ఏం చేస్తరో నాకెరుక. డీజిల్‌ల ముంచి, ఇంజన్ ఆయిల్ రాసి పెడ్తరు. నూనె తక్కువైతే దుమ్ము ఆగదు. ఎక్కువైతే గాలితోని ముందుకు పోయి సెన్సర్ తీగ మీద కూసుంటది.

అల్లుడు: అది మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండ్ల సంగతి. ఆ తీగ వేడిని బట్టి కంప్యూటర్ గాలిని తూస్తది. నూనె అంటితే తప్పు తూస్తది. గొట్టం సైజు మార్చినా తప్పే తూస్తది, ఎందుకంటే కంపెనీ ఆ గొట్టానికే లెక్క కట్టి పెట్టింది. డీజిల్ కార్లకు కోన్ పెట్టి చెక్ ఇంజన్ లైటుతోని తిరిగేటోళ్లు గందుకే పరేషాన్ అయితరు. నా జిప్సీల మానిఫోల్డ్ ఒత్తిడి చూసే సెన్సర్ ఉంటది. దానికి ఆ తక్లీఫ్ లేదు.

మామ: నీ బండికి లేదు. వేరేటోనికి చెప్పేటప్పుడు ముందుగాల ఏ సెన్సరో అడుగు. ఇగ అసలు లెక్కకొద్దాం. కాగితం గాలికి అడ్డమని మొదటి నుంచి అంటానవు. ఎంత అడ్డం?

అల్లుడు: కొలిస్తే తెలుస్తది. ప్రెషర్ గేజ్ కావాలె.

మామ: ఎందుకు? ఇండ్లు కట్టే మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపు ఉన్నది కదా. సన్నపు పారదర్శకం పైపు. దాన్ని యూ ఆకారంల పలకకు కట్టి, సగానికి రంగునీళ్లు పొయ్యి. ఒక కొసను ఫిల్టరు తర్వాత గొట్టంల పెట్టు, ఇంకో కొస బయట వదిలెయ్యి. రెండు కొసలూ మీటరు ఎత్తు ఉండాలె, లేకుంటె ఇంజన్ నీళ్లు గుంజుకుంటది. పక్కన ఒకణ్ని కూసోబెట్టుకొని రెండో గేర్‌ల నిండ తొక్కు. నీళ్లు ఒక దిక్కు ఎంత ఎక్కినయో, ఇంకో దిక్కు ఎంత దిగినయో, ఆ తేడానే నీ అడ్డం.

అల్లుడు: మానోమీటర్! నేను కాలేజీల పాదరసంతోని చేసిన. ఆగు, దీంట్ల ఇంకో సంగతి ఉన్నది. మొత్తం గాలి ఒత్తిడి నీళ్లను లేపగలిగేది 10.3 మీటర్లే.

మామ: బాయి మీద పెట్టిన మోటరు అంతకంటె లోతు నీళ్లు గుంజదని రైతుకు నీకంటె ముందే తెలుసు.

అల్లుడు: అయితే పైపుల పది సెంటీమీటర్ల తేడా వచ్చిందంటే గాలి ఒత్తిడిల నూటికి ఒక్క పాలు పోయినట్టు. ఆ ఒక్క పాలు పూర్తిగ తిరిగి తెచ్చుకున్నా 80 హార్స్‌పవర్‌ల వచ్చేది 0.8.

మామ: హార్స్‌పవర్‌కు కూడ తక్కువ! అది కూడ ఫిల్టరే లేకుండ నడిపితే. ఇంత రంది దానికోసమా?

అల్లుడు: పది సెంటీమీటర్లు దాటితే?

మామ: దాటితే ఫిల్టరు మార్చు. మంచి ఫిల్టరు పెట్టుకొని ఇరవై దాటిందంటే సైజు చిన్నది, లేకుంటే గొట్టం ఎక్కడో నలిగింది. తప్పు కాగితానిది కాదు. ఇప్పుడు నీ కోన్ ఎక్కడ పెడ్తానవో చెప్పు.

అల్లుడు: బానెట్ కింద, రేడియేటర్ వెనక. అక్కడనే జాగ ఉన్నది.

మామ: మే నెలల బయట 40 డిగ్రీలు. ట్రాఫిక్‌ల ఆగినప్పుడు బానెట్ కింద 70 ఉంటదనుకుందాం. వేడి గాలి పలుచగుంటది. ఆ లెక్క కూడ నువ్వే కట్టు.

అల్లుడు: కెల్విన్‌లకు మార్చాలె. 313ను 343తోని భాగిస్తే 0.91. నూటికి తొమ్మిది పాళ్ల గాలి పోయినట్టు.

మామ: ఒక్క పాలు తెస్తనని పోయి తొమ్మిది పాళ్లు పోగొట్టుకొని వస్తవు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది!

అల్లుడు: బండి ఉరుకుతాంటే బయటి గాలి తాకి ఆ వేడి తగ్గుతది, అంత పోదు. ఆఫ్‌రోడ్‌ల నిదానంగ ఎక్కేటప్పుడు మాత్రం పోతది, ఒప్పుకుంట. ఫిల్టరు చుట్టూ రేకుతోని డబ్బా కడ్త. బయటి చల్లటి గాలిని గొట్టంతోని ఆ డబ్బాలకు తెస్త.

మామ: డబ్బా కడితే కంపెనీవాడు ఇచ్చిందే నువ్వు మల్ల కట్టినట్టు. ముక్కు మూసిండని తిడ్తివి కదా? సరే, ఆ గొట్టం కొస ఎక్కడ?

అల్లుడు: బంపర్ వెనక. ముంగట నుంచి గాలి తోస్తది.

మామ: అక్కడ కింద చక్రం లేపిన దుమ్మంతా నీ గొట్టంలకే. వానకాలం నీళ్లు కూడ. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు ఎట్ల పొంగిందో యాదికున్నదా? మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం వంతెన మీదికెల్లి పారింది. కారు కొట్టుకపోయి ప్రాణాలు పోయినయి. అంత వాగుల ఏ గొట్టం కాపాడదు, నీళ్లు పారుతాంటే దిగనే దిగొద్దు. నేను చెప్పేది మామూలు గుంతల సంగతి. గ్లాసెడు నీళ్లు సిలిండర్‌ల పడ్డయంటే చాలు. గాలి నలుగుతది గానీ నీళ్లు నలగవు. కనెక్టింగ్ రాడ్ వంగుతది, ఒక్కోసారి బ్లాక్ పలుగుతది.

అల్లుడు: అయితే స్నార్కెల్. అద్దం పక్కపొంటి పైకప్పు ఎత్తు దాక గొట్టం తెస్త. పైన గాలి చల్లగుంటది, దుమ్ము తక్కువుంటది. బయటి దేశాల జీపులకు గదే పెడ్తరు.

మామ: ఇప్పుడు దారిల పడ్డవు. దుమ్ము కింద ఎక్కువ, పైన తక్కువ. ఫిల్టరు పని సగం ఆ ఎత్తే చేస్తది. అతుకులు మాత్రం నీళ్లు చొరకుండ బిగియ్యాలె.

అల్లుడు: అయితే కోన్ అక్కడ సరిపోతది కదా?

మామ: సరిపోదు. మైలేజీ పెరుగుతదని కూడ చెప్పిన్రా నీకు?

అల్లుడు: చెప్పిన్రు, నేను నమ్మలే. 2009ల అమెరికా ఓక్ రిడ్జ్ ప్రయోగశాలవాళ్లు కార్ల ఫిల్టర్లకు అడ్డం పెట్టి చూసిన్రు. ఇంజెక్షన్ ఉన్న కార్లల్ల ఫిల్టరు మూసుకపోయినా మైలేజీ చెప్పుకునేంత పడిపోలే. కంప్యూటర్ వచ్చిన గాలిని బట్టే పెట్రోలు వదులుతది. నిండ తొక్కినప్పుడు వేగం అందుకునేందుకు మాత్రం 6 నుంచి 11 శాతం ఎక్కువ టైం పట్టింది. కార్బ్యురేటర్ బండికే మైలేజీ తగ్గింది.

మామ: అయితే మైలేజీ పోయింది, వేడి లెక్కల దమ్ము పోయింది. ఇంకేం మిగిలింది నీ కోన్‌కు?

అల్లుడు: జాగ. నువ్వు చెప్పిన పలక పెట్టాలంటే దానికి డబ్బా కావాలె, జిప్సీ అసలు డబ్బా పగిలిపోయింది. కంపెనీ దారి మూసుకపోయినంక కంపెనీ ఫిల్టరు పట్టుకొని నేనేం చేయాలె? నీ వాదనల గది పెద్ద సందు.

మామ: సందే. గందుకే పలక వద్దు, కోన్ వద్దు. అటు చూడు, మూలకున్న గుండ్రటి డబ్బా. ట్రాక్టర్ల డ్రై టైప్ ఎయిర్ క్లీనర్. లోపల రెండు కాగితాలు. పెద్దది బయట, దాని లోపల సేఫ్టీ ఎలిమెంట్. పెద్దది చినిగినా లోపలిది కాపాడ్తది. డబ్బాలకు వచ్చిన గాలి రెక్కలకు తాకి గిర్రున తిరుగుతది. బరువు దుమ్ము గోడకు తాకి కింద రబ్బరు మూతిలకెల్లి రాలిపోతది. కాగితం దాక వచ్చేది సన్నదే.

అల్లుడు: రష్యావాళ్ల సైక్లోన్! కానీ మామా, ట్రాక్టరు సామాన్ జిప్సీకా? సైజు ఎట్ల కలుస్తది?

మామ: నువ్వు పొద్దుగాల కట్టిన లెక్కనే మల్ల కట్టు. మూడు లీటర్ల ట్రాక్టరు ఇంజన్, 2200 ఆర్‌పీఎం.

అల్లుడు: మూడును 1100తోని గుణిస్తే 3300. అందుల 85 పాళ్లు... 2800 లీటర్లు. నా జిప్సీకి 3300! అరే, ఒక్క సైజు పైది పడితే సరిపోతది. ట్రాక్టరు పెద్ద ఇంజన్ నిదానంగ తిరుగుతది, కారు చిన్న ఇంజన్ జోరుగ తిరుగుతది. రెండింటి ఊపిరీ దగ్గర దగ్గర ఒక్కటే.

మామ: సైజు మరీ పెద్దది కూడ పెట్టకు. గాలి తిరిగే జోరు తగ్గితే దుమ్ము గోడకు కొట్టుకోదు, తిరుగుడు పని చెయ్యదు. లోపలి ఎలిమెంటు ప్రతి మండలంల దొరుకుతది. నీ కోన్ నిండితే హైదరాబాద్ పోవాలె.

అల్లుడు: బరువు ఉంటది. బానెట్ కింద పట్టది, పక్కన బిగియ్యాలె. చూపుకు మంచిగుండదు. కోన్‌ల వచ్చే ఆ గుంజుడు చప్పుడు ఇందుల రాదు.

మామ: చప్పుడుకు కూడ పైసలు పెడ్తరా?

అల్లుడు: పెడ్తరు మామా, నవ్వకు. సగం మంది కోన్ కొనేది ఆ చప్పుడుకే. దమ్ము పెరిగిందని చెవు చెప్తది, మనసు నమ్ముతది. అది నిజమైన సంతోషమే. కానీ నిన్ను గెలిచేందుకు అబద్ధం చెప్ప. ఆ సంతోషం గడియారంల కనబడదు.

మామ: చట్టం సంగతి చూసినవా? మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్, ఆర్‌సీల ఉన్నదానికి తేడా పడేటట్టు బండి మార్చొద్దంటది. 2019 సవరణ తర్వాత, అనుమతి లేకుండ సామాన్ మార్చి బిగిస్తే ఒక్కో మార్పుకు 5000 రూపాయల జుర్మానా, ఆరు నెలల దాక జైలు కూడ రాసిన్రు.

అల్లుడు: ఆర్‌సీల ఇంజన్ నెంబర్, సీసీ, ఇంధనం రాసుంటయి. ఎయిర్ ఫిల్టరు పేరు రాసుండదు. పొల్యూషన్ సర్టిఫికెట్ దాటాలె, చప్పుడు హద్దుల ఉండాలె, గంతనే. నీ డబ్బా పెడితే రెండూ దాటుతది. అయినా స్నార్కెల్ పెట్టేముందు ఆర్‌టీఓ ఆఫీసుల అడుగుత.

మామ: అడుగు. మరి తేలిందా?

అల్లుడు: ఊరి బాటకు, అడవి బాటకు నీ డబ్బానే. ఒప్పుకుంట. కానీ తారు మైదానంల ఒక్క పూట పోటీ ఉందనుకో, దుమ్ము ఉండదు, నిండ తొక్కుడే. ఆ పూటకు డబ్బా తీసి, రేకు మూసిన కోన్ పెడ్త. పెద్దది, మడతలు ఎక్కువున్నది. నీ నీళ్ల పైపుతోని రెండూ కొలుస్త. తేడా పది సెంటీమీటర్లు ఉన్నా, ఆ రోజుకు ఆ ఒక్క పాలు నాకు కావాలె. పోటీల సెకనుల పదో వంతుకు గెలుస్తరు, ఓడిపోతరు.

మామ: ఆ పూటకు నేను అడ్డం చెప్ప. తిరిగొచ్చి గొట్టంల తెల్ల బట్ట తుడిచి నాకు చూపియ్యి. ఎర్రగ లేకుంటె నువ్వే గెలిచినట్టు.

అల్లుడు: ఎర్రగుంటే? ఒక్క పూట దుమ్ముకు ఏమైతది మామా? అరిగితే బోర్ చేయిస్త, ఓవర్‌సైజు పిస్టన్లు దొరుకుతయి.

మామ: పావు మిల్లీమీటరు ఓవర్‌సైజు ఒకసారి, అర మిల్లీమీటరు ఇంకోసారి. ఆ తర్వాత? నీ దమ్ము లెక్కల పాళ్లల్ల చెప్తవు కదా, ఇది కూడ కట్టి చెప్పు. ఒక్క పాలు గాలికి ఎన్ని బోర్లు?